సరఫరాదారులకు నిర్వహణ సాఫ్ట్‌వేర్ అందించే ఆన్‌లైన్ విపణులు

నిర్వచనం, పరిధి

అమ్మేవారినీ కొనేవారినీ ఇంటర్నెట్‌లో కలిపే వేదికను ఆన్‌లైన్ విపణి అంటారు. వాడుకలో మార్కెట్‌ప్లేస్ అన్న మాటే ఎక్కువ. ఇలాంటి వేదికల్లో కొన్ని బేరం కుదర్చడంతో ఆగవు. అమ్మేవారు తమ వ్యాపారాన్ని నడుపుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను కూడా సమకూరుస్తాయి. బస్సు యజమానికి సీట్ల చార్టు, హోటల్‌కు గదుల పట్టిక, వైద్యుడికి అపాయింట్‌మెంట్ల డైరీ, టోకు వ్యాపారికి బిల్లులు, నిల్వ లెక్కలు అందులో ఉంటాయి. ఈ వ్యాసంలో సరఫరాదారు అంటే సరుకు పంపేవారే కాదు, సేవ అందించేవారు కూడా.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి వేదికలు తమ విక్రేతలకు ఇచ్చే ప్యానెల్‌ను ఈ కోవలో పూర్తిగా చేర్చలేం. ఆ ప్యానెల్ ప్రధానంగా ఆ వేదిక మీద వచ్చిన ఆర్డర్లనే చూపుతుంది. నిర్వహణ సాఫ్ట్‌వేర్ అనిపించుకోవాలంటే వేదిక బయట జరిగిన వ్యాపారం కూడా అందులో నమోదు కావాలి. కౌంటర్ దగ్గర నగదుకు ఇచ్చిన టికెట్, ఫోన్‌లో చెప్పిన బుకింగ్, పక్క ఊరి ఏజెంటు రాసిన సీటు అన్నీ ఒకే పట్టికలోకి రావాలి. మరో చివర ట్యాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంది. అది వ్యాపారి పుస్తకాలను చూస్తుంది గాని అతని దగ్గరికి కొనుగోలుదారును తీసుకురాదు. ఈ రెండు పనులూ ఒకే సంస్థ చేతిలో కలిసినచోట ఈ వర్గం మొదలవుతుంది.

సాఫ్ట్‌వేర్ ఎందుకు ఇస్తారు

వేదిక కొనుగోలుదారుకు ఇచ్చే మాట ప్రధానంగా ఒక్కటే: తెర మీద కనిపిస్తున్నది నిజంగా ఉంది, డబ్బు కడితే దొరుకుతుంది. చీరలు, పుస్తకాలు అమ్మేచోట ఈ మాట నిలబెట్టుకోవడం కొంత సులువు. నిల్వ ఉంటుంది, ఒకటి తక్కువైతే మరొకటి తెప్పించవచ్చు. సీటు, గది, డాక్టరు సమయం అలాంటివి కావు. రాత్రి 10 గంటలకు బస్సు బయల్దేరాక ఖాళీ సీటుకు విలువ లేదు. ఒకే సీటు ఇద్దరికి అమ్ముడైతే దిద్దుకునే దారీ లేదు.

కాబట్టి ఏ క్షణానికి ఆ క్షణం ఏది ఖాళీగా ఉందో వేదికకు తెలియాలి. ఆ లెక్క సరఫరాదారు కాగితం రిజిస్టరులో ఉన్నంతకాలం వేదికకు అందదు. రిజిస్టరునే కంప్యూటర్‌లోకి మార్చి, ఆ కంప్యూటర్‌ను తనతో కలుపుకోవడం వేదికకు తప్పనిసరి అవసరం. సరఫరాదారుకు చేసే ఉపకారంగా ప్రచారం జరిగినా, సాఫ్ట్‌వేర్ పంపిణీకి అసలు కారణం ఇదే. ఈ రంగంలో తర్వాత వచ్చిన లాభాలు, తగాదాలు రెండూ ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే పుట్టాయి (చూ. సమాచారంపై పట్టు, వివాదాలు).

పూర్వరంగం: విమాన రిజర్వేషన్ వ్యవస్థలు

ఇంటర్నెట్‌కు ముందే ఈ పద్ధతికి ఒక నమూనా ఉంది. 1953లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు సి.ఆర్. స్మిత్, ఐబీఎం ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ ఒకే విమానంలో కలిసి ప్రయాణించినప్పుడు మొదలైన సంభాషణ సేబర్ అనే రిజర్వేషన్ వ్యవస్థకు దారితీసింది. 1960ల మధ్యకు అది పూర్తిస్థాయిలో పనిచేయసాగింది. 1976 నుంచి అమెరికన్ సంస్థ సేబర్ టెర్మినళ్లను ట్రావెల్ ఏజెంట్ల కార్యాలయాల్లో పెట్టింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన అపోలో వ్యవస్థతో అదే పని చేసింది. ఏజెంట్లు టికెట్లు కొట్టడానికే కాక తమ లెక్కలకూ ఆ యంత్రాలనే వాడుకున్నారు.

అక్కడ సాఫ్ట్‌వేర్ అందుకున్నది మధ్యవర్తి. వేదిక యజమాని స్వయంగా ఒక సరఫరాదారు. ఆ కలయిక వల్ల కొత్త సమస్య వచ్చింది. తెర మీద మొదటి వరుసల్లో వేదిక యజమాని విమానాలే ముందుగా కనిపించేవి. ఏజెంట్లు ఎక్కువగా మొదటి తెరలో ఉన్నవే అమ్మేవారు కాబట్టి పోటీ సంస్థలు నష్టపోయాయి. 1984లో అమెరికా పౌర విమానయాన మండలి ఇలాంటి పక్షపాత ప్రదర్శనను నిషేధించింది. ఐరోపాలో 1989లో ప్రవర్తనా నియమావళి వచ్చింది. అమెరికా నియమాలు 2004లో ముగిశాయి. ఆన్‌లైన్ వేదికలపై ఈ రోజు నడుస్తున్న ర్యాంకింగ్ తగువుకు ఇదే తొలి రూపం.

ఓపెన్‌టేబుల్

ఇంటర్నెట్ కాలంలో ఈ వర్గానికి తొలి స్పష్టమైన ఉదాహరణ ఓపెన్‌టేబుల్. 1998లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చక్ టెంపుల్టన్ దీన్ని స్థాపించారు. రెస్టారెంట్లలో బల్లలు రిజర్వు చేసుకోవడం దీని పని. అప్పట్లో రెస్టారెంట్ ద్వారం దగ్గర ఒక పెద్ద పుస్తకం ఉండేది. ఫోన్ చేసినవారి పేర్లు పెన్సిలుతో రాసుకునేవారు. ఓపెన్‌టేబుల్ ఆ పుస్తకం స్థానంలో టచ్‌స్క్రీన్ యంత్రాన్ని, సాఫ్ట్‌వేర్‌ను పెట్టింది. ఏ బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుంది, తరచూ వచ్చే అతిథి ఏ మూల కూర్చోవడానికి ఇష్టపడతారు, ఎవరికి ఏ పదార్థం పడదు వంటి వివరాలు అందులో చేరాయి. రెస్టారెంట్ నెలకు ఇంత అని చందా కట్టేది. దానికి తోడు వేదిక ద్వారా వచ్చి కూర్చున్న ఒక్కొక్క అతిథికి ఒక డాలరు చెల్లించేది.

తొలినాళ్లలో చాలా నగరాలకు పలచగా విస్తరించిన ఈ సంస్థ తర్వాత నాలుగు నగరాలపైనే దృష్టి పెట్టి నిలదొక్కుకుంది. ఒక ఊళ్లో తగినన్ని రెస్టారెంట్లు ఒకేచోట కనిపించనిదే తినేవారు ఆ వేదిక వైపు రారు. తినేవారు రానంతకాలం రెస్టారెంట్‌కు వేదికతో పని లేదు. ఈ చిక్కుముడిని సాఫ్ట్‌వేర్ విప్పింది: అతిథులు రాకపోయినా బల్లల పట్టికగా అది మొదటి రోజు నుంచే పనికొచ్చేది. 2009లో ఓపెన్‌టేబుల్ స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది. 2014లో ప్రైస్‌లైన్ సంస్థ దాన్ని సుమారు 260 కోట్ల డాలర్లకు కొన్నది.

భారతదేశంలో: ప్రైవేటు బస్సుల టికెట్లు

భారతదేశంలో ఈ నమూనా అందరికంటే బాగా పాతుకున్నది దూరప్రాంత ప్రైవేటు బస్సుల రంగంలో. ఇందులో తెలుగువారి పాత్ర పెద్దది. నిజామాబాద్‌కు చెందిన ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఆగిపోయారు. బిట్స్ పిలానీలో తనతో చదువుకున్న సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్‌ను ప్రారంభించారు. హైదరాబాద్‌లో సుధాకర్ రెడ్డి చిర్రా 2008లో అభిబస్‌ను స్థాపించారు.

అప్పటి టికెట్ వ్యవహారం కోటా మీద నడిచేది. ట్రావెల్స్ యజమాని ఒక్కో ఏజెంటుకు కొన్ని సీట్లు కేటాయించేవారు. కూకట్‌పల్లి ఏజెంటు తన కోటా అయిపోతే హెడ్డాఫీసుకు ఫోన్ చేసి మరో సీటు అడగాలి. అక్కడ గుమాస్తా చార్టు తీసి, ఖాళీ చూసి, పెన్సిలుతో గుర్తు పెట్టి నంబరు చెప్పాలి. పండగ రోజుల్లో ఆ ఫోన్ కలవడమే గగనం. ఒక ఏజెంటు దగ్గర సీట్లు మిగిలిపోతుండగానే మరో ఏజెంటు లేవని ప్రయాణికులను వెనక్కి పంపేవారు. ఒకే సీటు ఇద్దరికి రాసిన గొడవ బస్సు ఎక్కాకే బయటపడేది.

రెడ్‌బస్ కూడా మొదట ఆపరేటర్ల దగ్గర కొద్దిపాటి కోటా తీసుకుని ఏజెంటులాగానే పని మొదలుపెట్టింది. కోటా ఉన్నంతకాలం బస్సు మొత్తం కనిపించదు. ఆ తర్వాత ఆపరేటర్ల కోసం బాస్ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను, ఆ సీట్లను ఇతర ఏజెంట్లు, ప్రయాణ వెబ్‌సైట్లు అమ్ముకోవడానికి సీట్‌సెల్లర్ అనే పంపిణీ వ్యవస్థను తెచ్చింది. ఈ రెండూ రాకపోతే రెడ్‌బస్ మరో పెద్ద ఏజెంటుగా మిగిలేది. ప్రయాణికుడికి కనిపించే యాప్ కంటే ఆపరేటర్ ఆఫీసులో నడిచే ఆ తెరే ఈ రంగాన్ని మార్చింది. రెడ్‌బస్‌ను 2013లో ఐబిబో సమూహం కొనుగోలు చేసింది. 2017లో ఐబిబో, మేక్‌మైట్రిప్ ఒక్కటయ్యాయి. బస్సు ఆపరేటర్లకు సాఫ్ట్‌వేర్ చేసే బెంగళూరు సంస్థ బిట్ల కూడా అదే సమూహంలో చేరింది. అభిబస్ ప్రైవేటు ఆపరేటర్లతో పాటు రోడ్డు రవాణా సంస్థలకూ రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ అందించింది; 2021లో ఇక్సిగో దాన్ని సొంతం చేసుకుంది.

పనితీరు: ఒక రాత్రి బస్సు చార్టు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే ఒక స్లీపర్ బస్సును తీసుకుంటే ఈ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో తెలుస్తుంది. బస్సులోని బెర్తుల అమరిక, కింది బెర్తు, పై బెర్తు, ఒంటరి బెర్తు, ముందుగా చార్టులోకి ఎక్కుతుంది. బయల్దేరే వేళలు, అమీర్‌పేట, లక్డీకాపూల్, ఎల్బీనగర్ వంటి బోర్డింగ్ పాయింట్లు, దిగే స్థలాలు, ఒక్కో బెర్తు ధర, రద్దు చేసుకుంటే తిరిగి వచ్చే మొత్తం ఆపరేటరే నమోదు చేస్తారు. ఈ చార్టు కౌంటర్‌లోని గుమాస్తాకు, ఏజెంట్లకు, యాప్‌లోని ప్రయాణికుడికి ఒకేసారి కనిపిస్తుంది.

ప్రయాణికుడు ఒక బెర్తును ఎంచుకోగానే అది కొన్ని నిమిషాలపాటు మిగతా అందరికీ మూసుకుపోతుంది. ఆ గడువులో డబ్బు అందితే టికెట్ ఖరారు, లేకుంటే బెర్తు మళ్లీ ఖాళీ జాబితాలో చేరుతుంది. రెండు బెర్తుల వరసలో ఒకటి మహిళ పేరిట ఖరారైతే పక్కది మహిళలకే కేటాయింపు అవుతుంది. బస్సు కదిలే ముందు డ్రైవర్‌కు, సహాయకుడికి బోర్డింగ్ పాయింట్ల వారీగా పేర్లు, ఫోన్ నంబర్లతో జాబితా అందుతుంది. ప్రయాణికుడికి బస్సు నంబరు, సిబ్బంది ఫోన్ నంబరు సందేశంగా వస్తాయి. జీపీఎస్ ఉన్న బస్సు ఎక్కడుందో ఇంటి దగ్గరివారు కూడా చూడగలరు.

యజమానికి ఎక్కువ పనికొచ్చేది వెనక నడిచే లెక్క. ఏ ఏజెంటు ఎన్ని టికెట్లు కొట్టాడు, అతని కమీషన్ ఎంత, ఎంత బాకీ ఉన్నాడు అన్నది ఎప్పటికప్పుడు తేలుతుంది. బాకీ పరిమితి దాటితే ఆ ఏజెంటు తెర మీద బుకింగ్ ఆగిపోతుంది. అంతకుముందు ఈ వసూళ్ల కోసమే మనుషులను ఊరూరా తిప్పేవారు. రోజును బట్టి, సీటును బట్టి, నిండిన తీరును బట్టి ధర మార్చే వీలు కూడా ఇక్కడే ఉంది. సంక్రాంతికి ముందు వారంలో టికెట్ ధరలు గంటగంటకూ పెరగడానికి సాంకేతికంగా దారి తీసింది ఈ సౌలభ్యమే. ధర నిర్ణయించేది ఆపరేటర్. సాఫ్ట్‌వేర్ ఆ మార్పును నిమిషాల్లో అన్ని తెరలకూ చేరుస్తుంది. రాత మీద నడిచిన రోజుల్లో అంత వేగం సాధ్యమయ్యేది కాదు.

ఇతర రంగాలు

వేదిక ముందు, సాఫ్ట్‌వేర్ తర్వాత అన్న ఈ క్రమం వైద్యంలో తిరగబడింది. 2008లో ఆరంభమైన ప్రాక్టో మొదట క్లినిక్‌ల నిర్వహణకు ప్రాక్టో రే అనే సాఫ్ట్‌వేర్‌ను చందాకు ఇచ్చింది. అపాయింట్‌మెంట్లు, రోగుల రికార్డులు, బిల్లులు అందులో ఉండేవి. చాలినంతమంది వైద్యుల డైరీలు తన దగ్గర చేరాక, రోగులు డాక్టర్లను వెతుక్కునే వేదికను జతచేసింది. ఫ్రాన్స్‌లో 2013లో మొదలైన డాక్టోలిబ్ వైద్యుల నుంచి నెలవారీ చందా తీసుకుంటుంది.

సరుకుల టోకు వ్యాపారంలో పెద్ద ఉదాహరణ ఇండియామార్ట్. 1996లో దినేశ్ అగర్వాల్, బ్రిజేశ్ అగర్వాల్ మొదలుపెట్టిన ఈ సంస్థ కొనుగోలుదారుల వాకబులను సరఫరాదారులకు అందజేస్తుంది. ఆదాయం ముఖ్యంగా సరఫరాదారుల చందా నుంచి వస్తుంది. వాకబు చేసినవారితో మాటలు ఎంతవరకు వచ్చాయో గుర్తుపెట్టుకునే లీడ్ మేనేజర్‌ను సరఫరాదారులకు ఇచ్చింది. 2019లో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. అదే ఏడాది బిల్లుల యాప్ వ్యాపార్‌లో వాటా తీసుకుంది. 2022లో లెక్కల సాఫ్ట్‌వేర్ సంస్థ బిజీ ఇన్ఫోటెక్‌ను 500 కోట్ల రూపాయలకు కొన్నది. ఇక్కడ సీటుకు తాళం వేసే అవసరం లేదు. ధర, పరిమాణం, రవాణా అన్నీ మాటల్లో తేలతాయి. అందుకే విపణికీ లెక్కల సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ముడి బస్సుల్లో ఉన్నంత బిగువుగా లేదు.

హోటళ్ల రంగంలో ప్రైస్‌లైన్ సమూహం 2014లో బ్యూటీక్ అనే హోటల్ సాఫ్ట్‌వేర్ సంస్థను తీసుకుంది. విహారయాత్రల రంగంలో 2018లో బుకింగ్ హోల్డింగ్స్ ఫేర్‌హార్బర్‌ను, ట్రిప్‌అడ్వైజర్ బోకున్‌ను కొన్నాయి. సెలూన్లకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫ్రెషా, తన వేదిక ద్వారా వచ్చిన కొత్త ఖాతాదారుపై రుసుము తీసుకునే పద్ధతిని పాటించింది. జొమాటో 2015లో మేపుల్ పీఓఎస్‌ను కొని రెస్టారెంట్ల బిల్లింగ్ రంగంలో అడుగుపెట్టింది. చైనాలో అలీబాబా 2007లోనే అలీసాఫ్ట్ పేరిట చిన్న వ్యాపారుల సాఫ్ట్‌వేర్ విభాగం తెరిచింది. వేదిక పెద్దదయ్యాక సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారు చేసుకోవడం కంటే అప్పటికే సరఫరాదారుల చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ సంస్థను కొనడమే ఎక్కువగా కనిపిస్తుంది. వ్యాపారి అలవాటు పడిన బిల్లింగ్ తెరను మార్చడం ఎంత కష్టమో ఈ కొనుగోళ్లే చెబుతాయి.

ప్రభుత్వ రంగం: ఈ-నామ్

జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్, 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్ యార్డులతో ప్రారంభమైంది. తెలంగాణ ఆ 8 రాష్ట్రాల్లో ఒకటి. పసుపుకు పేరుపడ్డ నిజామాబాద్ యార్డు తొలి విడతలోనే ఉంది. చిన్న రైతుల వ్యవసాయ వ్యాపార సమాఖ్య ఆధ్వర్యంలో, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నాగార్జున ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ వ్యూహాత్మక భాగస్వామిగా ఈ వేదికను రూపొందించింది. తర్వాతి ఏళ్లలో యార్డుల సంఖ్య 1,300 దాటింది.

ఈ-నామ్‌ను వేలం వెబ్‌సైట్‌గానే చూడడం పరిపాటి. వాస్తవానికి యార్డు నిర్వహణ మొత్తానికీ అది ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. పరికరాలు, ఇతర సదుపాయాలకు కేంద్రం ఒక్కో యార్డుకు మొదట 30 లక్షల రూపాయల వరకు ఇచ్చింది. 2017-18 బడ్జెట్‌లో ఆ పరిమితిని 75 లక్షలకు పెంచింది.

నిజామాబాద్ యార్డుకు పసుపు వచ్చినప్పుడు గేటు దగ్గర రైతు పేరు, ఊరు, సరుకు, బస్తాల సంఖ్య నమోదై లాట్ నంబరు పడుతుంది. కాడి, గోళ రకాలు వేరుగా కుప్పపోస్తారు. ఖరీదుదారులు కుప్ప దగ్గరికి వచ్చి కొమ్మును విరిచి లోపలి రంగు చూస్తారు, చేత్తో తేమ అంచనా వేస్తారు, ఆ తర్వాత ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ధర వేస్తారు. ఎవరి ధర ఎంతో మరొకరికి కనిపించదు. గడువు ముగియగానే అన్ని లాట్లకూ గెలిచిన ధరలు ఒకేసారి తేలి, రైతు ఫోన్‌కు సందేశం వెళ్తుంది. దడ్వాయిలు తూకం వేశాక ఆ బరువు కూడా వ్యవస్థలోకి ఎక్కుతుంది. కమీషన్, హమాలీ వంటి ఖర్చులు పోను చేతికి వచ్చే మొత్తంతో తక్‌పట్టీ అనే చీటీ తయారవుతుంది. మార్కెట్ కమిటీకి రావలసిన ఫీజు లెక్కా అక్కడే తేలుతుంది.

కాగితం మీద ఇది దేశమంతటికీ ఒకే మార్కెట్. ఆచరణలో వేలంలో పాల్గొనేది ఎక్కువగా ఆ యార్డు లైసెన్సు ఉన్న స్థానిక ఖరీదుదారులే. కుప్పను కంటితో చూడకుండా దూరపు వ్యాపారి ధర వేయాలంటే నాణ్యత పరీక్ష నమ్మదగినదిగా ఉండాలి, సరుకు చేరే దాకా బాధ్యత ఎవరిదో తేలాలి. రైతుకు అప్పు ఇచ్చి సరుకు తన దగ్గరికే తెప్పించుకునే కమీషన్ ఏజెంటు బంధాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తెంచలేదు. అయినా నోటిమాట వేలం, తువ్వాలు కింద వేళ్లతో బేరం పోయి, ఏ లాట్‌కు ఏ ధర పడిందో రికార్డు మిగలడం రైతుకు తక్కువ మేలేమీ కాదు. విపణిగా కంటే యార్డు నిర్వహణ సాఫ్ట్‌వేర్‌గానే ఈ-నామ్ ముందుగా నిలబడిందని చెప్పవచ్చు.

ఆదాయ మార్గాలు

ఈ వేదికలకు డబ్బు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది అమ్మకంపై కమీషన్. బస్సులు, హోటళ్లలో ఇదే ప్రధానం. రెండోది సాఫ్ట్‌వేర్ చందా. వైద్యులు, టోకు వ్యాపారుల వేదికల్లో ఎక్కువ. మూడోది చెల్లింపులు, అప్పులు, ప్రకటనల వంటి అనుబంధ సేవలు. కమీషన్ మీద బతికే వేదిక సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇవ్వగలదు. ఉచితంగా వచ్చినదాన్ని తోసిపుచ్చడం చిన్న ఆపరేటర్‌కు కష్టం. విడిగా సాఫ్ట్‌వేర్ అమ్ముకునే సంస్థలకు ఆ ధరతో పోటీపడడం ఇంకా కష్టం. సరఫరాదారు తన సొంత కౌంటర్‌లో అమ్మినదానిపై కూడా రుసుము కట్టాలా అన్నది ఒప్పందాల్లో తరచూ బేరానికి వచ్చే అంశం. సొంత వెబ్‌సైట్ నుంచి వచ్చిన అతిథికి ఓపెన్‌టేబుల్ తక్కువ రుసుము వసూలు చేయడం అలాంటి సర్దుబాటే.

సమాచారంపై పట్టు, వివాదాలు

నిర్వహణ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్న వేదికకు తన ద్వారా జరగని వ్యాపారం కూడా కనిపిస్తుంది. ఏ రూటులో ఏ వేళకు బస్సు నిండుతోంది, ఏ ఏజెంటుకు ఎంత కమీషన్ దక్కుతోంది, యజమాని ఏ ధర దగ్గర దిగివస్తాడు అన్న వివరాలు అందులో ఉంటాయి. కమీషన్ బేరానికి కూర్చున్నప్పుడు ఒక పక్షం లెక్కలన్నీ రెండో పక్షానికి తెలిసి ఉండడం సరఫరాదారుల ప్రధాన ఆందోళన. వేదిక ఒక సరఫరాదారు సమాచారాన్ని మరొకరికి సలహా ఇవ్వడానికి వాడుతుందా, తానే ఆ వ్యాపారంలోకి దిగుతుందా అన్నవి దానికి అనుబంధ ప్రశ్నలు.

ఈ చివరి ప్రశ్న అమెజాన్ విషయంలో ఐరోపా సంఘం ముందుకు వచ్చింది. 2019లో మొదలైన విచారణ తర్వాత, స్వతంత్ర విక్రేతల బహిరంగం కాని సమాచారాన్ని తన చిల్లర వ్యాపారానికి వాడబోనని అమెజాన్ 2022 డిసెంబరులో హామీ ఇచ్చింది. భారతదేశంలో 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్ల రూపాయలు, ఓయోకు 168.88 కోట్ల రూపాయలు జరిమానా విధించింది. తన వేదిక మీద ఉన్న ధర కంటే తక్కువకు హోటల్ మరెక్కడా గది ఇవ్వకూడదన్న షరతు ఆ కేసులో కీలకాంశాల్లో ఒకటి.

వేదికను వదిలిపోవడంలోని కష్టం మరో అంశం. కమీషన్ నచ్చకపోతే విపణి నుంచి తప్పుకోవచ్చు. కానీ ఏళ్ల తరబడి కూడిన ఖాతాదారుల జాబితా, ఏజెంట్ల బాకీలు, రోగుల రికార్డులు అదే సంస్థ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఆ తప్పుకోవడం అంత తేలిక కాదు. ఒప్పందం చేసుకునే ముందే తన సమాచారాన్ని ఏ రూపంలో, ఎంత గడువులో వెనక్కి తీసుకోవచ్చో అడిగి రాయించుకున్న వ్యాపారికి తర్వాత బేరంలో బలం మిగులుతుంది. పెద్ద ఆపరేటర్లు అందుకే వేదికలతో సంబంధం లేని సాఫ్ట్‌వేర్ తీసుకుని, తమ సీట్లను అనేక వేదికలకు ఒకేసారి పంపుకుంటారు. రెండు మూడు బస్సులున్న యజమానికి ఆ వెసులుబాటు తక్కువ.

ఈ చిక్కులన్నీ నిజమే అయినా, చిన్న సరఫరాదారు కంప్యూటర్ లెక్కలకు మారడానికి ఈ వేదికలు తోడ్పడ్డాయన్నదీ అంతే నిజం. కొనుగోలుదారులు వెంట వస్తారన్న ఆశ లేకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఇస్తే, చేతిరాత చార్టుతో సాగిపోతున్న ఆఫీసులు అంత త్వరగా మారేవి కావు.

చట్టం, పన్నులు

ఐరోపా సంఘంలో వేదికలకూ వ్యాపారులకూ మధ్య సంబంధాలపై 2019లో చేసిన నియమావళి 2020 జూలై 12 నుంచి అమలవుతోంది. షరతులు మార్చే ముందు సాధారణంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ర్యాంకింగ్‌కు ముఖ్య ప్రాతిపదికలు వెల్లడించాలి. ఏ సమాచారం ఎవరికి అందుబాటులో ఉంటుందో చెప్పాలి. భారతదేశంలో 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు ర్యాంకింగ్ ప్రాతిపదికల వెల్లడిని కోరుతున్నాయి. విదేశీ పెట్టుబడి ఉన్న విపణులు విక్రేతలకు ఇచ్చే సేవల్లో వివక్ష చూపకూడదని 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన చెబుతోంది.

పన్నుల వ్యవస్థ ఈ వేదికలను వసూలు కేంద్రాలుగా మార్చింది. జీఎస్టీ కింద విక్రేతకు చెల్లించే మొత్తం నుంచి వేదిక 2018 అక్టోబరు 1 నుంచి 1 శాతం పన్ను మినహాయించి జమ చేసేది. 2024 జూలై 10 నుంచి అది 0.5 శాతం. ఆదాయపు పన్ను చట్టం కింద 2020 అక్టోబరులో మొదలైన కోత 2024 అక్టోబరు నుంచి 0.1 శాతానికి తగ్గింది. బస్సు ప్రయాణాల విషయంలో 2022 జనవరి 1 నుంచి జీఎస్టీ కట్టే బాధ్యతే వేదికకు వచ్చింది. కంపెనీలుగా నమోదైన బస్సు ఆపరేటర్లను 2023 అక్టోబరు 20 నుంచి దీని నుంచి తప్పించారు. కొనుగోళ్లపై కట్టిన పన్నును వారు తమ జీఎస్టీలో సర్దుబాటు చేసుకోవడానికి వీలుగా ఈ మార్పు వచ్చింది. దీంతో ఒకే వేదికలో రెండు రకాల ఆపరేటర్లకు రెండు రకాల లెక్క నడుస్తోంది. చేత్తో రాసే రిజిస్టరులో ఈ విడదీత నెలనెలా చేయడం గుమాస్తాలకు పెద్ద భారం; నిర్వహణ సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ పెంచిన కారణాల్లో పన్నులూ ఒకటి.

విడదీసే ప్రయత్నం: ఓఎన్‌డీసీ

విపణినీ సాఫ్ట్‌వేర్‌నూ ఒకే సంస్థలో కలపకుండా నడిపే మార్గంగా భారత ప్రభుత్వం ఓఎన్‌డీసీని ముందుకు తెచ్చింది. 2021 డిసెంబరు 31న లాభాపేక్ష లేని కంపెనీగా నమోదైన ఈ సంస్థ 2022లో ఐదు నగరాల్లో ప్రయోగాత్మకంగా పని మొదలుపెట్టింది. ఇందులో కొనేవారి యాప్ ఒకరిది, అమ్మేవారి సాఫ్ట్‌వేర్ మరొకరిది, రవాణా ఇంకొకరిది కావచ్చు. బెక్న్ అనే ఉమ్మడి ప్రోటోకాల్ వీటిని కలుపుతుంది. దుకాణదారు తన సరుకు జాబితాను ఒక సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే అది నెట్‌వర్క్‌లోని కొనుగోలు యాప్‌లన్నిటికీ అందుబాటులోకి వస్తుంది. సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే దాన్ని మార్చుకోవచ్చు, కొనుగోలుదారులు పోరు.

ఈ ఏర్పాటులో ఒకే సంస్థకు జవాబుదారీ తగ్గుతుంది. ఆర్డరు తప్పిపోయినప్పుడు కొనుగోలు యాప్, విక్రేత సాఫ్ట్‌వేర్, రవాణా సంస్థల్లో తప్పు ఎవరిదో తేల్చడానికి ఫిర్యాదుల పరిష్కారానికి ప్రత్యేక పద్ధతిని నెట్‌వర్క్ ఏర్పరచుకోవలసి వచ్చింది. ఒకే సంస్థ నడిపే వేదికలో సీటుకు తాళం వేయడం, డబ్బు తిరిగి ఇవ్వడం రెండూ ఒకే చేతిలో ఉంటాయి కాబట్టి ప్రయాణికుడు ఎవరిని అడగాలో వెతుక్కోనక్కర్లేదు. కిరాణా, తినుబండారాలు, ఆటో ప్రయాణాల వంటి రంగాల్లో ఓఎన్‌డీసీ పనిచేస్తోంది. దూరప్రాంత ప్రైవేటు బస్సుల టికెట్లు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా పాత వేదికల మీదే అమ్ముడవుతున్నాయి.